అచ్చాయమ్మ చెప్పిన మూడో పని

లాకు గట్టు మీద నడుస్తున్నాను, నడుస్తున్నానంటే కాళ్ళు కదుపుతున్నానని కాదు, పడవలో కూచున్నవాడికి ఒడ్డు జరిగినట్టు గట్టే నా కాళ్ళ కింద వెనక్కి జరుగుతోంది, నేను మాత్రం బనీనులో కుక్కపిల్లని పెట్టుకుని పైనుంచి అరచెయ్యి ఆనించి ఊరికే నిలబడి ఉన్నాను. కాలువ నిండుగా ఉంది. ముప్పై నాలుగేళ్ళు ఈ లాకు దగ్గర లస్కరుగా చేసి, ఈ తలుపులు ఎత్తీ దించీ చేతులు కాయలు కాచినవాణ్ణి, ఇంత నిండు కాలువ నేనెన్నడూ చూడలేదు; నీళ్ళు గట్టు కంటే ఎత్తుగా, పొంగిన పూరీలాగా గుండ్రంగా లేచి నిలబడ్డాయి, ఒక్క చుక్క కూడా ఇవతల పడడం లేదు. మీరు నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మలేదు.

బనీనులోది పుట్టి ఐదు రోజులైంది. కళ్ళు ఇంకా విడలేదు. నిన్న పొద్దున దీని తల్లిని మా వీధి మలుపులో ఇసక లారీ తొక్కేసింది, తోడబుట్టినవి రెండూ సాయంత్రానికే చల్లబడిపోయాయి, మిగిలింది ఇదొక్కటే. నిన్నట్నుంచి ఇంకు ఫిల్లరుతో మేకపాలు పడుతున్నాను, తాగుతోంది, తాగి ఏడుస్తోంది, ఏడిస్తే ఆకలనుకుని మళ్ళీ పడుతున్నాను. ఇవాళ తెల్లారేసరికి పొట్ట బుడగలా బిగిసిపోయింది, మధ్యాహ్నానికి ఏడుపు కూడా మానేసింది. ఏడుపు మానేసిన పిల్ల ఎక్కడికి బయల్దేరుతుందో నాకు తెలుసు. అందుకే అచ్చాయమ్మని వెతుక్కుంటూ వచ్చాను.

అచ్చాయమ్మ నా భార్య. పోయి మూడేళ్ళయింది. తల్లి చచ్చిన పిల్ల ఏదైనా సరే, మేకపిల్ల గానీ ఉడతపిల్ల గానీ కుక్కపిల్ల గానీ, ఊళ్ళో ఎవరికి దొరికినా తెచ్చి మా అచ్చాయమ్మ ఒళ్ళో పడేసి పోయేవారు, ఆవిడ ఒళ్ళో పడింది ఏదీ చచ్చేది కాదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారీ ఆవిడ ఇంట్లో లేదు, నేనున్నాను. పిల్లని బతికించడానికి మూడు పనులున్నాయని ఆ రోజు పడవ రేవులో నాకు చెప్పి మరీ వెళ్ళింది. మొదటిది పాలు. రెండోది వెచ్చన. మూడోది నాకు గుర్తులేదు, నిన్నట్నుంచి తల గోడకేసి కొట్టుకున్నా గుర్తు రావడం లేదు, ఆ మూడో పని ఆవిణ్ణే అడగాలి.

అదిగో, లాకు తలుపు మీద దూలం ఉంటుంది చూశారూ, దాని మీద అటు తిరిగి కూచుని ఉంది. ఒడి నిండా పిల్లలు. ఒళ్ళో ఏడో ఎనిమిదో, పమిట చెంగులో రెండు, కొప్పులో ఒకటి, అది ముక్కు మాత్రం బయటికి పెట్టి పడుకుంది.

"ఏమే," అంటాను.

తల తిప్పదు. "చెప్పులు విప్పి రా. పిల్లలిప్పుడే పడుకున్నాయి" అంటుంది.

మూడేళ్ళ తరవాత కనపడ్డ మొగుడితో ఆడది అనవలసిన మొదటి మాట అదేనా, మీరే చెప్పండి. నాకు పాదాల దగ్గర మొదలై మంట పైకి పాకుతుంది. చచ్చాకైనా కాస్త తీరిక దొరికి ఉంటుంది, ఒంటరిగా ఓ గోడకి చేరబడి నన్ను తలుచుకుంటూ ఉంటుంది అనుకున్నాను, తీరా చూస్తే ఇక్కడా అదే ఒడి, అదే సంత, నేను కూచోడానికి జానెడు జాగా లేదు.

"చెప్పుల్లేవే," అంటాను. చూసుకుంటే నిజంగానే లేవు. దూలం మీద అడుగు పెట్టబోతే అది దూలం కాదు, మా పెరటి అరుగు, పక్కన ఉప్పుడు బియ్యం వార్చిన వాసన వేస్తూ మా పొయ్యి, ఎదురుగా సందు ఉండవలసిన చోట నీళ్ళు గుమ్మం ఎత్తున గోడలాగా నిలబడి ఉన్నాయి, లోపల చేపలు ఆగిపోయి మావైపు చూస్తున్నాయి. ఆవిడకి ఇదేమీ వింతగా లేదు.

"అప్పా, పాలు," అని వెనకనుంచి ఎవరో చెంబు అందిస్తారు.

గొంతు తెలుసు. మేకల గవరయ్య. ఉన్నన్నాళ్ళూ పుంతరోడ్డులో మేకలు తోలుకుంటూ బతికినవాడు, ఊరందరికీ నీళ్ళ పాలు పోసి మా ఆవిడకి మాత్రం చెంబు తలకిందులు చేసినా జారనంత చిక్కటివి తెచ్చేవాడు. నోటితో అక్కని పిలిచినట్టు అప్పా అనేవాడు గానీ, అప్పా అని పిలిచేవాడు వారానికి నాలుగుసార్లు కొత్తగా దువ్వుకుని వస్తాడా? మా ఆవిడ పోయిన ఆర్నెల్లకి వాడూ పోయాడు. ఊళ్ళో అందరూ గుండెజబ్బన్నారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"లస్కరు బావా! నువ్వెప్పుడు వచ్చేశావు?" అంటాడు గవరయ్య పళ్ళన్నీ బయటపెట్టి. ఉన్నప్పుడు నాలుగే ఉండేవి, ఇక్కడ ముప్పై రెండూ మొలిచాయి వెధవకి.

"వచ్చెయ్యలేదు. పనుండి వచ్చాను, పోతాను."

"అంటాంలే, మేమూ అలాగే అన్నాం," అంటాడు. "ఇక్కడ మేకలకి పొదుగు పట్టక్కర్లేదు బావా. చెంబు చూపిస్తే వాటంతటవే వచ్చి నింపిపోతాయి."

"అదో గొప్పా? ఓ ఏడాది వరదకి మా లాకులో నీళ్ళకి బదులు పాలే వచ్చాయి. మీగడ అడ్డం పడి షట్టరు దిగకపోతే నేనే మునిగి కవ్వంతో..."

"కొయ్యకు," అంటుంది అచ్చాయమ్మ, నావైపు చూడకుండానే, కానీ పెదవి కొసన నవ్వు. గవరయ్య పాలకి నవ్వలేదు, నా అబద్ధానికి నవ్వింది. నేను చూశాను. అంత మంటలోనూ కాస్త చల్లగా తగిలింది.

బనీనులోంచి పిల్లని తీసి అరచేతిలో పెట్టి ఆవిడ ముందు చాపుతాను. చెయ్యి ఎంత చాపినా ఆవిడ అంతే దూరంలో ఉంటుంది.

"ఇది పోయేట్టుంది అచ్చాయీ. పాలు పట్టాను, ఊకబుట్టలో పెట్టి వెచ్చగా ఉంచాను. ఆ మూడో పని ఏమిటో చెప్పు, వెళ్ళిపోతాను."

అప్పుడు చూస్తుంది. నన్ను కాదు, పిల్లని. చూసిన చూపు పిల్ల మీద వాలి అక్కడే ఉండిపోతుంది, నా వేళ్ళ మీదికైనా జారదు.

"చెప్తాను. ముందు నా చిన్నోడు ఎలా పోయాడో చెప్పు."

చిన్నోడంటే ఆ ఒక్కటి. ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఆవిడ చెల్లెలికి పురుడొచ్చిందని కబురొస్తే నాలుగు రోజులకి వెళ్తూ, కళ్ళు విడని కుక్కపిల్లని నా చేతిలో పెట్టి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అది లేదు.

"చెప్పానుగా అప్పుడే, గద్ద," అంటాను.

అనగానే గోడ మీద గద్ద వాలుతుంది.

"ఏ గద్ద?" అంటుంది అచ్చాయమ్మ.

"ఎంత గద్దనుకున్నావు, రెక్క విప్పితే చాప పరిచినట్టు, నేను తలుపు దగ్గర ఉన్నాను, రివ్వున దిగి చిన్నోణ్ణి కాళ్ళతో పట్టుకుని లేచింది, నేను ఊరుకుంటానా, షట్టరు తిప్పే ఇనప చేతిని ఊడబీకి విసిరాను, మూడు ఈకలు రాలాయి, ఒక్కో ఈకా ఇంత, వాటిలో ఒకదాన్ని..."

"నేనెప్పుడయ్యా?" అంటుంది గద్ద. కోపంగా కాదు, పంచాయతీలో పిలవకుండా పేరెత్తినవాణ్ణి అడిగినట్టు, నిదానంగా అడుగుతుంది. మరో గద్ద వచ్చి దాని పక్కన వాలుతుంది. ఇంకోటి. గోడ పొడుగునా గద్దలే, అన్నీ నావైపే మెడలు వంచి నేనేం చెప్తానా అని చూస్తున్నాయి. గవరయ్య కూడా చెంబు దించి చూస్తున్నాడు. వాడి ముందు చెప్పవలసి రావడం అన్నిటికంటే బాధగా ఉంది.

"గద్ద కాదు," అంటాను.

అరచేతిలోని పిల్లనే చూస్తూ చెప్తాను.

"పట్టాను పాలు. నువ్వు చెప్పినట్టే పట్టాను, ఒట్టు. ఏడిస్తే పట్టాను, ఏడవకపోయినా పట్టాను. మూడోనాటికి ఇదిగో, దీనిలాగే పొట్ట బిగిసింది. నా చేతిలోనే పోయింది. తూము పక్కన పాతిపెట్టాను. నువ్వు పడవ దిగి గట్టు మీద పరిగెత్తుకొస్తున్నావు, నన్ను దాటుకుని నా చేతుల్లోకి చూశావు, ఇంటికొచ్చిన దానివి నా మొహం చూడలేదు, చేతుల్లోకి చూశావు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు వచ్చింది నోటికి గద్ద."

అచ్చాయమ్మ కొప్పులోని పిల్లని తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. గోడ మీది గద్దలవైపు తిరుగుతుంది.

"ముప్పై ఎనిమిదేళ్ళు తిట్టాను మిమ్మల్ని. కోళ్ళ జోలికి రాని గద్దని కూడా నిలబెట్టి తిట్టాను. ఏమనుకోకండి తల్లీ," అంటుంది. గద్దలు ఒక్కొక్కటీ లేచి వెళ్ళిపోతాయి. ఆ తరవాత ఒళ్ళోవాటిని సర్దుకుంటుంది. "ఇప్పుడెవర్ని తిట్టుకోను?"

"నన్ను తిట్టు."

"నిన్ను తిట్టీ తిట్టీ విసుగొచ్చేగా గద్దని పట్టుకుంది," అంటుంది, కానీ గొంతులో పరిహాసం లేదు, కళ్ళొత్తుకుంటుంది, ఆ చెమ్మ ఎవరి కోసమో నాకు తెలుసు, ముప్పై ఎనిమిదేళ్ళ నాడు పోయిన బెత్తెడు కుక్కపిల్ల కోసం. నేను పోతే ఇంత ఏడ్చేదా అని ఆలోచన వస్తుంది, సిగ్గు లేకుండా వస్తుంది. ఇంతలో అరచేతిలోది ఒక్కసారి కాళ్ళు సాగదీసి ఊరుకుంటుంది. చల్లగా ఉంది. నిలబడ్డ నీళ్ళ గోడ మరో జానెడు లేస్తుంది.

"అచ్చాయీ, నన్ను తర్వాత తిట్టుకో. ఏళ్ళ తరబడి తిట్టుకో, నేనూ ఇక్కడికే వస్తాగా. దీన్ని మాత్రం చూడవే."

ఈసారి ఆవిడే లేచి వస్తుంది. ఒళ్ళోవన్నీ ఎటు పోయాయో తెలియదు, గవరయ్య ఒళ్ళో ఉన్నాయి కాబోలు, చూడబుద్ధి కాదు. అరచేతిలో ఉన్న పిల్ల పొట్ట మీద చూపుడు వేలు ఆనిస్తుంది.

"ఎన్నిసార్లు పట్టావు?"

"తొమ్మిదిసార్లు," అంటాను గర్వంగా.

"కింది తలుపు ఎన్నిసార్లు ఎత్తావు?"

నాకు అర్థం కాదు. ఆవిడ నీళ్ళ గోడవైపు చెయ్యి చూపిస్తుంది. "ముప్పై నాలుగేళ్ళు చేశావు లస్కరు పని. పైనుంచి వదులుతూ కింద మూసి కూచుంటే లాకు ఏమవుతుంది? తలుపు ఎత్తకుండా వచ్చిన నీళ్ళు వచ్చినట్టు పడేశావా ఎప్పుడన్నా?"

"గట్టు తెగదూ!"

"మరి ఇది తెగదా? కళ్ళు విడని పిల్లకి తనంతట తనకి రాదయ్యా, పాసు గానీ దొడ్డికి గానీ. తల్లి నాకితేనే వస్తుంది. తల్లి లేకపోతే గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డపీలిక ముంచి, తల్లి నాలుకలాగా కింద మెల్లగా రాయాలి, పాలు పట్టిన ప్రతిసారీ. పట్టడం సగమే, వదిలించడం సగం. అదే మూడోది."

"నాకు చెప్పలేదు నువ్వు!"

"పడవ మీద కాలు పెట్టి మరీ చెప్పాను."

అనగానే మేము రేవులో ఉన్నాం, ఆవిడ ముప్పై ఏళ్ళ మనిషి, పడవ ఊగుతోంది, ఆవిడ పెదవులు కదులుతున్నాయి, నాకు మాట వినిపించడం లేదు. ఎందుకు వినిపించడం లేదో ఇప్పుడు కనిపిస్తోంది: చెప్తూ చెప్తూ ఆ కుక్కపిల్లని చెంపకి ఆనించుకుంది, కళ్ళు మూసుకుని ఆనించుకుంది, నేను ఆ చెంపనే చూస్తున్నాను, నాలుగు రోజులు ఊరెళ్తూ నా భుజం మీద చెయ్యైనా వెయ్యలేదే అని లోపల కుతకుతలాడుతున్నాను, అంతలో పడవ సరంగు తాడు విప్పేశాడు.

"ఆ ఒక్కరోజేనా?" అంటుంది ఆవిడ, మళ్ళీ ముసలిదై, అరుగు మీద. "ఏళ్ళ తరబడి నీ కళ్ళెదుటే చేశాను ఈ పని. గిన్నెలో వేణ్ణీళ్ళు పెట్టుకుని ఈ అరుగు మీదే. నేను గుడ్డ తీసేసరికి నువ్వు మొహం అటు తిప్పుకునేవాడివి."

"ముద్దులాడుతున్నావనుకున్నాను," అంటాను. ఈ మాట బతికుండగా అనలేకపోయాను. "పురుగంత కుక్కపిల్లకి వేణ్ణీళ్ళ స్నానాలేమిటి, ఆ తుడవడమేమిటి. నా ఒళ్ళు ఎప్పుడన్నా తుడిచావా అలాగ?"

"తుడిచాను. టైఫాయిడ్‌లో పందొమ్మిది రోజులు తుడిచాను. నీకు ఒంటి మీద తెలివి లేదు."

గవరయ్య గొంతు సవరించుకుని, మేకలు పిలుస్తున్నాయని చెప్పి వెళ్ళిపోతాడు. మేకలు పిలవలేదు, నేను విన్నాను. మొదటిసారి వాడి మీద మంచి అభిప్రాయం కలుగుతుంది, అదీ ఎంతోసేపు నిలవదు, వెళ్తూ వెళ్తూ దువ్వెన తీశాడు.

"చెయ్యి ఇలా పట్టు," అంటుంది అచ్చాయమ్మ. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంటుంది. నా బొటనవేలు తన నోటితో తడిపి పిల్ల పొట్ట కింద, కాళ్ళ మధ్య ఆనించి మెల్లగా, చాలా మెల్లగా, కిందికీ పైకీ ఆడిస్తుంది. ఆవిడ చెయ్యి చల్లగా లేదు. పేనిన తాడులాగా గరుగ్గా, ఉన్నప్పటిలాగే ఉంది. నాకు పిల్ల సంగతి క్షణం సేపు మరుపొస్తుంది. "ఇలాగ. తొందరపడకు. అది ఇస్తే తీసుకోవాలి."

రాదు. నీళ్ళ గోడ కదలదు.

"పేరు పెట్టి పిలవాలి," అంటుంది. "పిలిస్తే ధైర్యం వస్తుంది వాటికి. ఏం పేరు పెట్టావు?"

"పేర్లు నీ ఖాతాయేగా. కుక్కపిల్లలకి పూటకో పేరు, బంగారీ, రాజా, చిట్టిబాబూ. నలభై ఏడేళ్ళు కాపరం చేసి నన్ను మాత్రం ఏమయ్యా, ఇదిగో, ఓయ్. ఒక్కసారంటే ఒక్కసారి నా పేరు నీ నోటంట రాలేదు."

"మొగుడి పేరెత్తితే ఆయుష్షు తగ్గుతుందంది మా అమ్మ. నమ్మాను." నా మొహంలోకి చూస్తుంది ఇప్పుడు, వచ్చినప్పట్నుంచీ ఇదే మొదలు, నెరిసిన నా కనుబొమలూ బోసి నోరూ అన్నీ తీరిగ్గా చూస్తుంది. "ఎన్నేళ్ళు నీకు?"

"డెబ్బై ఆరు."

"చాలా?"

చాలదంటే ఇక్కడికి రానన్నట్టు, చాలంటే ఈ పిల్లని వదిలేసినట్టు. నేను తేల్చుకోకముందే ఆవిడ వంగుతుంది, అంత దగ్గరగా వంగుతుంది, తల నూనె వాసన తెలుస్తోంది, నా చేతిలోని పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, నలభై ఏడేళ్ళు దాచుకున్న పేరు, మెత్తగా, లాలనగా, రెండుసార్లు పిలుస్తుంది.

"అబ్బులూ. ఒరే అబ్బులూ. పొయ్యి నాన్నా, పొయ్యి, నేనున్నాగా."

అది నా పేరు. నా పేరు కూడా కుక్కపిల్లకే ఇచ్చేసింది! ఇంతకంటే అన్యాయం ఉంటుందా అని నోరు తెరవబోతున్నాను, ఇంతలో లాకు అడుగున ఎక్కడో ఇనప గొలుసు కిర్రుమంటుంది, కింది తలుపు లేస్తుంది, నిలబడ్డ నీళ్ళన్నీ ఒక్క నిట్టూర్పుతో కదిలి అరుగు కిందుగా, నా కాళ్ళ మీదుగా, వెచ్చగా, వెచ్చగా పోతున్నాయి, అచ్చాయమ్మ వాటి మధ్య నిలబడి "పోనీ, పోనీ" అంటోంది, నాతోనో దానితోనో.

కళ్ళు తెరిచాను. ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది, మూడు గంటలై ఉంటుంది. వెల్లకిలా నులకమంచం మీద ఉన్నాను, ఒళ్ళంతా చెమట, ఒంటి మీద వెచ్చటి తడి.

డెబ్బై ఆరేళ్ళవాణ్ణి, పైగా పేరుపెట్టి పిలిచి మరీ పొయ్యమంటే ఇప్పుడే విని వచ్చినవాణ్ణి, ముందు నాకు నామీదే అనుమానం వచ్చింది. గబుక్కున పంచె తడిమి చూసుకున్నాను. పొడిగానే ఉంది. తడి పైన ఉంది, బనీను లోపల, రొమ్ము దగ్గర్నుంచి బొడ్డు దాకా, ఇంకా పాకుతోంది. పిల్ల పొట్ట నా అరచేతి కింద మెత్తగా వాలిపోయి ఉంది, చెమటకి తడిసిన నా బొటనవేలు దాని కాళ్ళ మధ్య, నేను ఆడించకుండానే, మెల్లగా కిందికీ పైకీ ఆడుతోంది.